పాత అవుట్‌బోర్డ్ మోటార్లలో ఇగ్నిషన్ లోపాలు

అవుట్‌బోర్డ్ మోటారు పడవ వెనక చెక్కకు బయటివైపున బిగించే విడి యంత్రం. పైన ఇంజను, మధ్యలో నిలువు ఇరుసు, అడుగున గేర్లు, పంకా ఒకే కట్టుగా ఉంటాయి. పాత మోటార్లలో అధిక భాగం రెండు స్ట్రోకుల పెట్రోలు ఇంజన్లే. సిలిండర్‌లోని పెట్రోలు, గాలి మిశ్రమాన్ని సరైన క్షణంలో అంటించే విద్యుత్ ఏర్పాటు పేరు ఇగ్నిషన్. మోటారు అసలు అంటుకోకపోవటం, అంటుకున్నా ఒకే సిలిండర్‌తో నడవటం, వేడెక్కాక ఆగిపోవటం వంటి ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది. లోపం ఖరీదైన భాగాల్లో కంటే అతుకుల్లో, తుప్పులో, తడిలో, పగిలిన తీగతొడుగులో దొరకటమే ఎక్కువ. అందుకే పరీక్షకు ఒక క్రమం ఏర్పడింది: స్పార్కు ప్లగ్గుతో మొదలుపెట్టి, ఒక్కో మెట్టు వెనక్కి వెళ్లి, అవసరమైతేనే ఇంజను ఇరుసు మీద తిరిగే బరువు చక్రం, అంటే ఫ్లైవీల్ కిందికి చేరటం.

కృష్ణా, మూసీ పరిసరాల్లో వాడుక

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల చుట్టూ నీటి వనరులు చాలా ఉన్నాయి. మిర్యాలగూడకు దక్షిణాన వాడపల్లి దగ్గర మూసీ నది కృష్ణలో కలుస్తుంది. మట్టపల్లి పరిసరాల నుంచి దిగువకు 45.77 టీఎంసీల సామర్థ్యం గల పులిచింతల జలాశయం పరుచుకుంటుంది. దీనికి ఇంజనీరు కె.ఎల్.రావు పేరు పెట్టారు. సూర్యాపేటకు చేరువలో సోలిపేట వద్ద మూసీ ప్రాజెక్టు, కోదాడకు ఉత్తరాన పాలేరు జలాశయం ఉన్నాయి. 1967లో నీరు వదిలిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఈ ప్రాంతం మీదుగానే ఖమ్మం జిల్లాకు సాగుతుంది.

ఈ నీళ్లలో చేపల వేటకు తెప్ప, పుట్టి, తెడ్డుతో నడిచే నాటుపడవ ప్రధాన సాధనాలు. అవుట్‌బోర్డ్ మోటారు అవసరం ఎక్కువగా వరద సహాయంలో, జలాశయాల పర్యవేక్షణలో పడుతుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన కుండపోత వానకు కోదాడలో కాలనీలు మునిగాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అటువంటి రోజున బయటికి తీసే మోటారు అంతకుముందు నెలల తరబడి షెడ్డులోనే ఉండి ఉంటుంది.

లోపాల తీరును నిర్ణయించేది ఈ వాడుకే. సముద్ర తీరంలో మోటారును ఉప్పునీరు తినేస్తుంది. కృష్ణా ఆయకట్టులో నీరు మంచినీరే కనుక ఆ బాధ తక్కువ. ఇక్కడ యంత్రాన్ని పాడుచేసేది ఖాళీగా ఉండటం. వేసవిలో 45 డిగ్రీలకు చేరే ఎండకు రబ్బరు తొడుగులు పగులుతాయి. వానాకాలపు చెమ్మకు పాయింట్ల ముఖాల మీద, అంటే స్పార్కు కోసం తెరుచుకుని మూసుకునే విద్యుత్ మొనల మీద, పొర కడుతుంది. ఎలుకలు తీగలు కొరుకుతాయి, కందిరీగలు మూత లోపల మట్టిగూళ్లు కడతాయి. పని చేసి అరిగిన మోటారు కంటే పని లేక నిలిచిపోయిన మోటారే ఈ ప్రాంతంలో ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఇగ్నిషన్ పరిణామం

అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఓలీ ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి తెచ్చిన మోటారు శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్, బరువు సుమారు 28 కిలోలు. దాని స్పార్కుకు బ్యాటరీ ఆధారం. పడవలో బ్యాటరీ తడుస్తుంది, బరువు పెంచుతుంది, ఛార్జి దిగిపోతుంది. జర్మనీలో బాష్ సంస్థకు చెందిన గాట్లోబ్ హోనోల్డ్ 1902లోనే స్పార్కు ప్లగ్గుతో పనిచేసే అధిక వోల్టేజీ మాగ్నెటోను, అంటే అయస్కాంతంతో విద్యుత్తు పుట్టించే ఏర్పాటును రూపొందించాడు. ఫ్లైవీల్‌లోనే అయస్కాంతాలు అమర్చే పద్ధతి వచ్చాక అవుట్‌బోర్డ్ మోటారుకు బ్యాటరీతో పని లేకుండా పోయింది. తాడు లాగితే చాలు, స్పార్కు పుడుతుంది.

1960ల నుంచి పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఏర్పాటు రావటం మొదలైంది. అదే కెపాసిటర్ డిశ్చార్జ్ ఇగ్నిషన్, వాడుకలో సీడీఐ. యమహా సంస్థ తొలి అవుట్‌బోర్డ్ పీ-7 1960లో వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో జపాన్ మోటార్లు ఆసియా అంతటా వ్యాపించాయి. జాన్సన్, ఎవిన్‌రూడ్ పేర్లతో మోటార్లు చేసిన అమెరికా సంస్థ 2000 డిసెంబరులో దివాలా తీసింది. ఆ వ్యాపారాన్ని కొన్న బాంబార్డియర్ వర్గం 2020లో ఎవిన్‌రూడ్ తయారీని ఆపింది. అందువల్ల పాత మోటారుకు విడిభాగాలు వెతుక్కోవాల్సిన పరిస్థితి ఏర్పడింది. ఏ భాగం చెడిందో తేల్చకుండా ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోవటం దండగ ఖర్చు.

పాయింట్ల మాగ్నెటో పనితీరు

ఫ్లైవీల్ లోపలి అంచున శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. దాని కింద ఫ్లైవీల్‌తో పాటు తిరగని పళ్లెం మీద కాయిల్, పాయింట్లు, కండెన్సర్ బిగించి ఉంటాయి. కాయిల్‌లో లావు తీగతో చుట్టిన ప్రైమరీ, దాని మీద సన్నని తీగతో వేల చుట్లు చుట్టిన సెకండరీ ఉంటాయి. ఫ్లైవీల్ తిరిగేటప్పుడు అయస్కాంతం కాయిల్ పక్కనుంచి పోయి ప్రైమరీలో విద్యుత్తు పుట్టిస్తుంది. పాయింట్లు మూసి ఉన్నంతసేపు ఆ విద్యుత్తు తిరుగుతుంది. ఇరుసు మీది ఉబ్బు పాయింట్లను తెరవగానే ప్రవాహం తెగి, అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలుతుంది. ఆ కుదుపుకు సెకండరీలో వేల వోల్టుల విద్యుత్తు పుట్టి ప్లగ్గు సందును దూకుతుంది.

పాయింట్లు తెరుచుకునే క్షణంలో విద్యుత్తు వాటి మధ్యనే దూకిపోకుండా కండెన్సర్ అడ్డుకుంటుంది. దాని సామర్థ్యం సాధారణంగా మైక్రోఫారడ్‌లో నాలుగో వంతు ప్రాంతంలో ఉంటుంది. కండెన్సర్ చెడితే పాయింట్ల మధ్య మంట పుట్టి ముఖాలు కాలతాయి, ప్లగ్గుకు చేరే స్పార్కు బలహీనపడుతుంది.

చాలా మోటార్లలో ఈ పళ్లెం పూర్తిగా స్థిరం కాదు, థ్రాటిల్‌తో పాటు కొంత మేర తిరుగుతుంది. వేగం పెంచినప్పుడు స్పార్కు ముందుగా రావటానికి ఈ ఏర్పాటు. దానివల్ల పళ్లెం నుంచి బయటికి వచ్చే తీగలు థ్రాటిల్ తిప్పిన ప్రతిసారీ వంగుతాయి. ఏళ్లు గడిచేసరికి తొడుగు లోపల రాగిపోగులు తెగుతాయి, బయటికి మాత్రం తీగ బాగానే కనిపిస్తుంది. థ్రాటిల్ ఒక స్థానంలో ఉన్నప్పుడే మోటారు ఆగిపోతుంటే మొదట అనుమానించాల్సింది ఈ తీగలనే. పాత బజాజ్ చేతక్ స్కూటరు, లూనా మోపెడ్ కూడా పాయింట్ల మాగ్నెటోతోనే నడిచేవి. వాటిని బాగుచేసిన మెకానిక్కులకు ఈ ఏర్పాటు కొత్తది కాదు.

సీడీఐ పనితీరు

సీడీఐలో పాయింట్లు ఉండవు. ఫ్లైవీల్ కింద ఛార్జ్ కాయిల్, ట్రిగర్ కాయిల్ అని రెండు ఉంటాయి. ఛార్జ్ కాయిల్ పుట్టించే రెండు, మూడు వందల వోల్టుల విద్యుత్తును సీడీఐ పెట్టెలోని కెపాసిటర్ నిల్వ చేసుకుంటుంది. సరైన క్షణంలో ట్రిగర్ కాయిల్ సంకేతం పంపగానే పెట్టెలోని ఎలక్ట్రానిక్ స్విచ్ ఆన్ అయి, ఆ నిల్వ మొత్తం ఇగ్నిషన్ కాయిల్‌లోకి ఒక్కసారిగా దూకుతుంది. స్పార్కు వేడిగా, పదునుగా ఉంటుంది, ఎక్కువసేపు నిలవదు. కాస్త మసిపట్టిన ప్లగ్గును కూడా అంటించగలగటం ఈ పద్ధతి బలం.

అరిగే భాగం లేకపోవటంతో దీనికి తరచూ సర్దుబాటు అక్కర్లేదు. చెడినప్పుడు మాత్రం లోపం పాయింట్ల మాగ్నెటోలో మాదిరిగా కంటికి కనిపించదు. బ్యాటరీ ఉన్న మోటారులో తీగలు తారుమారు చేసి కలిపితే రెక్టిఫయరు వెంటనే కాలిపోతుంది, కొన్ని మోడళ్లలో సీడీఐ పెట్టె కూడా దెబ్బతింటుంది. ప్లగ్గు తీగను ఎర్తుకు కలపకుండా గాలిలో వదిలి మోటారును తిప్పినా ఇగ్నిషన్ కాయిల్, పెట్టె పాడయ్యే ప్రమాదం ఉంది.

లక్షణాలు

ఇగ్నిషన్ లోపాలు ప్రధానంగా నాలుగు రూపాల్లో బయటపడతాయి.

మొదటిది, ఎంత లాగినా మోటారు అంటుకోకపోవటం. అన్ని సిలిండర్లలోనూ స్పార్కు లేకపోతే కారణం ఉమ్మడి భాగంలో ఉంటుంది: ఆపే స్విచ్, దాని తీగ, ఛార్జ్ కాయిల్ లేదా సీడీఐ పెట్టె. పాయింట్ల మాగ్నెటో గల రెండు సిలిండర్ల మోటారులో ఒక్కో సిలిండర్‌కు విడి కాయిల్, విడి పాయింట్లు, విడి కండెన్సర్ ఉండటం మామూలు. రెండువైపులా ఒకేసారి చెడటం అరుదు కనుక ముందు ఆపే స్విచ్‌నే చూడాలి. ఏళ్ల తరబడి నిలిచిన మోటారు దీనికి మినహాయింపు, దాని రెండు జతల పాయింట్ల మీదా పొర కట్టి ఉండవచ్చు.

రెండోది, ఒక సిలిండర్ మాత్రమే పనిచేయటం. మోటారు అదురుతుంది, బలం సగానికి పడిపోతుంది, పడవ లేచి పరుగెత్తదు.

మూడోది, వేడెక్కాక ఆగిపోవటం. చల్లారే వరకు అంటుకోదు, చల్లారాక ఏమీ జరగనట్టు నడుస్తుంది. కాయిల్ లోపలి సన్నతీగ వేడికి సాగి తెగి, చల్లారాక మళ్లీ తగలటం ఒక కారణం. పెట్రోలు ట్యాంకు మూత మీది గాలిమర మూసి ఉన్నా సరిగ్గా ఇదే లక్షణం కనిపిస్తుంది. మోటారు ఆగిన వెంటనే, చల్లారకముందే స్పార్కు చూస్తే రెండింటి తేడా తేలిపోతుంది.

నాలుగోది, తాడు వెనక్కి గుంజటం, కార్బురేటర్ గుండా మంట తన్నటం. స్పార్కు వేళ తప్పిందని దీని సూచన.

పరీక్షకు ముందు చూడవలసినవి

యంత్రం విప్పకముందే కొన్నింటిని రూఢి చేసుకోవాలి. పడవ నడిపేవారి చేతికి కట్టుకునే భద్రతా తాడు క్లిప్పు స్విచ్‌లో ఉండాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. బ్యాటరీ స్టార్టరు గల మోటారులో ఫ్యూజు, బ్యాటరీ మొనలు శుభ్రంగా ఉండాలి. ప్లగ్గు పానా, ఫీలర్ గేజి, మల్టీమీటరు, సందు సర్దుబాటు చేయగల స్పార్కు టెస్టర్, ఫ్లైవీల్ పుల్లర్ ఈ పనికి సరిపోయే సామగ్రి. మోటారు నంబరును బట్టి మోడల్, తయారైన సంవత్సరం తెలుసుకుంటే సరైన కొలతలు దొరుకుతాయి.

ప్లగ్గు

ప్లగ్గు చౌక భాగం, చేతికి అందే భాగం, సిలిండర్ లోపలి స్థితిని చెప్పే భాగం కూడా. లేత గోధుమరంగు ఆరోగ్యానికి గుర్తు. పొడిగా నల్లటి మసి ఉంటే మిశ్రమంలో పెట్రోలు ఎక్కువైందని అర్థం. జిడ్డుగా నల్లబడితే ఆయిల్ పాలు ఎక్కువై ఉండవచ్చు. తెల్లగా కాలి ఉంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువైందనో, ఇంజను విపరీతంగా వేడెక్కుతోందనో అనుకోవాలి. పెట్రోలుతో తడిసి ఉంటే ఇంధనం చేరుతోంది కానీ అంటుకోవటం లేదు, అంటే ఇగ్నిషన్ మీద అనుమానం బలపడుతుంది. పూర్తిగా పొడిగా ఉంటే ముందు ఇంధన మార్గాన్ని చూడాలి. నీటిబొట్లు కనిపిస్తే హెడ్ గాస్కెట్ చెడి ఉండవచ్చు.

చాలా పాత మోటార్ల ప్లగ్గు సందు 0.6 నుంచి 1 మిల్లీమీటరు లోపు ఉంటుంది. జాన్సన్, ఎవిన్‌రూడ్ పాత మోడళ్లలో సాధారణ కొలత 0.76 మిల్లీమీటరు. ప్లగ్గు మార్చేటప్పుడు మర పొడవు, వేడి అంకె తయారీదారు చెప్పినవే అయి ఉండాలి. మర పొడవు ఎక్కువైతే ప్లగ్గు కొనను పిస్టన్ గుద్దుతుంది. మసిపట్టిన ప్లగ్గును వేగంగా ఇసుక చిమ్మి శుభ్రం చేయటం అవుట్‌బోర్డుకు మంచిది కాదు, పింగాణీ సందుల్లో దాగిన ఇసుకరేణువులు సిలిండర్‌ను గీరుతాయి.

స్పార్కు పరీక్ష

ప్లగ్గులన్నీ తీసి, చిందిన పెట్రోలు తుడిచి, టెస్టర్‌ను ఇంజను లోహానికి గట్టిగా తగిలించి తాడు చురుగ్గా లాగాలి. పాయింట్ల మాగ్నెటోకు సుమారు 6 మిల్లీమీటర్ల సందును, సీడీఐకి సుమారు 11 మిల్లీమీటర్ల సందును స్పార్కు దూకాలి. నీలిరంగు, టక్కుమనే చప్పుడు మంచి గుర్తులు. పసుపు, ఎరుపు కలిసిన సన్నని గీత బలహీనతను తెలుపుతుంది.

ప్లగ్గునే ఇంజనుకు ఆనించి స్పార్కు కనిపించిందని సంతృప్తి పడటం సాధారణంగా జరిగే పొరపాటు. బయటి గాలిలో ప్లగ్గు సందు దాటటం తేలిక. సిలిండర్ లోపల ఒత్తిడికి గురైన మిశ్రమంలో దూకాలంటే ఎన్నో రెట్ల వోల్టేజీ కావాలి. బయట వెలిగే ప్లగ్గు లోపల ఆరిపోవచ్చు. టెస్టర్‌లో సందు పెద్దదిగా పెట్టటానికి కారణం ఇదే. తాడు మెల్లగా లాగితే అయస్కాంతం వేగం చాలక మంచి మాగ్నెటో కూడా స్పార్కు ఇవ్వదు. ప్లగ్గులు తీసి ఉంచితే ఇంజను తేలిగ్గా తిరుగుతుంది కనుక ఆ సందేహం ఉండదు.

ఆపే స్విచ్

మాగ్నెటో మోటారు ఆపే స్విచ్ ఇంటి దీపం స్విచ్‌కు తలకిందులుగా పనిచేస్తుంది. నొక్కినప్పుడు అది విద్యుత్తును తెంపదు, ఎర్తుకు కలుపుతుంది. పాయింట్ల ఏర్పాటులో ప్రైమరీ తీగ, సీడీఐలో ఛార్జ్ మార్గం ఎర్తుకు చేరి స్పార్కు ఆగుతుంది. అందువల్ల స్విచ్ లోపల తుప్పు పట్టినా, తీగ తొడుగు చిరిగి లోహానికి తగిలినా మోటారు నిరంతరం ఆపి ఉన్నట్టే లెక్క.

పరీక్ష సులువు. ఆపే తీగను మోటారు దగ్గరే విడదీసి, కొన దేనికీ తగలకుండా ఉంచి మళ్లీ స్పార్కు చూడాలి. స్పార్కు వస్తే లోపం స్విచ్‌లోనో, భద్రతా క్లిప్పులోనో, ఆ తీగలోనో ఉంది. రాకపోతే ఇంకా వెనక్కి వెళ్లాలి. తీగ విడదీసి ఉండగా మోటారు అంటుకుంటే స్విచ్‌తో ఆగదు. చోక్ పూర్తిగా మూసి ఆపాలి. భద్రతా క్లిప్పు పనిచేయని ఈ స్థితిలో పడవను నీటిలోకి తీసుకుపోకూడదు.

ప్లగ్గు తీగ, కాయిల్

ప్లగ్గు తీగ రబ్బరు ఎండకు బీటలు వారితే స్పార్కు అక్కడినుంచే ఇంజను లోహానికి దూకుతుంది. చీకట్లో మోటారును తిప్పిస్తే ఆ చోట నీలిమెరుపు కనిపిస్తుంది. తీగ చివరి టోపీ లోపలి స్ప్రింగు తుప్పుపట్టి విరగటం కూడా తరచూ జరిగేదే.

కాయిల్‌ను మొదట కంటితో చూడాలి. 1950, 60ల నాటి జాన్సన్, ఎవిన్‌రూడ్ కాయిళ్ల పైపూత ఏళ్లు గడిచేకొద్దీ నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెల్లోకి చెమ్మ చేరి స్పార్కు లోలోపలే కారిపోతుంది. మల్టీమీటరుతో చూస్తే ప్రైమరీ నిరోధం కొద్ది ఓములు లేదా అంతకన్నా తక్కువ, సెకండరీ వేల ఓములు ఉండటం మామూలు. కచ్చితమైన అంకె మోడల్‌ను బట్టి మారుతుంది. అంకె అనంతం చూపితే తీగ తెగినట్టు. అంకె సరిగా ఉన్నంత మాత్రాన కాయిల్ మంచిదని చెప్పటానికి లేదు, ఎందుకంటే మల్టీమీటరు వాడేది కొద్ది వోల్టులే. అధిక వోల్టేజీకి మాత్రమే కారిపోయే తొడుగు లోపం దానికి కనిపించదు.

ఆయకట్టు పట్టణాల్లో వ్యవసాయ మోటార్ల వైండింగ్ దుకాణాలు ఉంటాయి. తీగ కొనసాగింపు, తొడుగు నిరోధం కొలిచే పరికరాలు అక్కడ దొరుకుతాయి. పోత పోసిన ఇగ్నిషన్ కాయిల్‌ను తిరిగి చుట్టటం మాత్రం పంపుసెట్టు మోటారు చుట్టినంత తేలిక కాదు. వేల చుట్ల సన్నతీగకు, అధిక వోల్టేజీకి ఆగే తొడుగుకు వేరే ఏర్పాట్లు కావాలి. కొత్తది వెతకటమే మేలు.

ఫ్లైవీల్ కింది భాగాలు

పై పరీక్షలన్నీ దాటాకే ఫ్లైవీల్ తీయాలి. నట్టు విప్పి, నడిబొడ్డున ఉన్న మర రంధ్రాలకు పుల్లర్ బిగించి లాగాలి. అంచు పళ్లను పట్టి లాగితే చక్రం వంగుతుంది. సుత్తితో గట్టిగా కొడితే ఇరుసు, బేరింగులు దెబ్బతింటాయి, అయస్కాంతాలు పగలవచ్చు.

నిలిచి ఉన్న మోటారులో పాయింట్ల ముఖాల మీద బూడిదరంగు పొర కనిపిస్తుంది. అది విద్యుత్తును అడ్డుకుంటుంది. పలుచగా ఉంటే ద్రావకంలో తడిపిన శుభ్రమైన గట్టి కాగితం రెండు ముఖాల మధ్య లాగితే పోతుంది. గుంటలు పడితే సన్నని ఆకురాయితో సమం చేయవచ్చు, లేదా కొత్తవి వేయవచ్చు. గరుకు కాగితం రేణువులు ముఖాల మీద మిగిలితే మళ్లీ అదే తంటా. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట సందు కొలవాలి. జాన్సన్, ఎవిన్‌రూడ్ పాత మోడళ్లకు 0.5 మిల్లీమీటరు, ఇతర మోటార్లకు 0.3 నుంచి 0.5 మధ్య ఉంటుంది. సందు ఎక్కువైతే స్పార్కు ముందుకు, తక్కువైతే వెనక్కి జరుగుతుంది. పాయింట్లు నూనెతో తడిసి ఉంటే ఇరుసు పై సీలు కారుతోందని గుర్తు. సీలు మార్చకుండా పాయింట్లు తుడిచి లాభం లేదు.

కండెన్సర్‌ను సామర్థ్యం కొలిచే మీటరుతో చూడాలి. దాని లోపలి మార్గం ఎర్తుకు కలిసిపోతే స్పార్కు ఉండదు, లోపల తెగితే పాయింట్లు త్వరగా కాలతాయి. పాయింట్లతో పాటు కండెన్సర్ మార్చటం చాలామంది మెకానిక్కుల ఆనవాయితీ. మోటారు కండెన్సర్ దొరకనప్పుడు అదే సామర్థ్యం, అంతే వోల్టేజీ తట్టుకునే రకం, అదే చోట గట్టిగా కూర్చునేది వాడవచ్చు.

ఫ్లైవీల్‌ను ఇరుసు మీద సరైన స్థానంలో నిలిపే చిన్న కీ అరిగినా, విరిగినా స్పార్కు వేళ తప్పుతుంది. స్పార్కు బలంగా ఉంటుంది, పెట్రోలు అందుతుంది, అయినా మోటారు అంటుకోదు, లేదా వెనక్కి తన్నుతుంది. నట్టు చాలినంత బిగించకపోవటం దీనికి సాధారణ కారణం. కీ మార్చి, ఇరుసు, ఫ్లైవీల్ కలిసే శంకువు ముఖాలను నూనె లేకుండా తుడిచి, చెప్పిన బిగువుకు నట్టు బిగించాలి.

సీడీఐ భాగాల పరీక్ష

సీడీఐలో మొదట ఎర్తు కలయికలు, జోడు కనెక్టర్లు శుభ్రం చేయాలి. తర్వాత ఛార్జ్ కాయిల్, ట్రిగర్ కాయిల్ నిరోధం కొలిచి తయారీదారు పుస్తకంలోని అంకెతో పోల్చాలి. ఇవి ఇచ్చేది రెప్పపాటు విద్యుత్తు కనుక మామూలు మల్టీమీటరు వోల్టేజీ అంకె నమ్మదగింది కాదు. గరిష్ఠ వోల్టేజీని పట్టి చూపే అడాప్టర్ కావాలి. ఛార్జ్ కాయిల్, ట్రిగర్ కాయిల్ సరిగ్గా ఇస్తూ, ఆపే తీగ విడదీసి ఉండి, ఇగ్నిషన్ కాయిల్ మంచిదైతేనే నేరం సీడీఐ పెట్టెది. దాన్ని నేరుగా పరీక్షించటం కష్టం. తక్కినవన్నీ నిర్దోషులని తేల్చటం ద్వారానే దాని లోపం రుజువవుతుంది. పరీక్ష చేయకుండా మొదట ఈ పెట్టెనే మార్చటం పాత మోటార్ల మరమ్మతులో అనవసర ఖర్చులకు పెద్ద కారణం.

రెండు సిలిండర్ల మోటారులో ఒకవైపు మాత్రమే చెడితే అదలుబదలు పద్ధతి తోడ్పడుతుంది. రెండు ఇగ్నిషన్ కాయిళ్లూ ఒకే రకమైనవైతే వాటిని అటుదిటు మార్చాలి. లోపం కాయిల్‌తో పాటు రెండో సిలిండర్‌కు వెళితే దోషి కాయిలే. లోపం అక్కడే నిలిచిపోతే కాయిల్ మంచిదే, కారణం దానికి వెనక ఉంది. ఒక్కసారికి ఒక్క భాగమే మార్చాలి, లేకపోతే ఫలితానికి అర్థం ఉండదు.

ఇగ్నిషన్ లోపాన్ని పోలిన ఇతర లోపాలు

స్పార్కు బలంగా ఉండి, వేళ సరిగా ఉండి, మోటారు నడవకపోతే కారణం మరెక్కడో ఉంది. నిల్వ ఉన్న పెట్రోలు ఇందులో మొదటిది. భారతదేశంలో ఇప్పుడు అమ్మే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. నీరు మోతాదు మించితే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగుకు విడిపోతుంది. పాత రబ్బరు గొట్టాలను, కార్బురేటర్ పొరలను కూడా ఇథనాల్ మెత్తబరుస్తుంది. కార్బురేటర్ జెట్టు పూడుకుపోతే ఒక సిలిండర్ చచ్చినట్టు కనిపించి ఇగ్నిషన్ మీద తప్పుడు అనుమానం కలిగిస్తుంది.

పెట్రోలులో కలిపే ఆయిల్ పాలు మోటారును బట్టి ఉంటుంది. 1960ల మొదటి వరకు వచ్చిన అనేక మోటార్లకు 24 పాళ్లకు ఒక పాలు, తర్వాతివాటికి 50 పాళ్లకు ఒక పాలు. పాత మోటారుకు కొత్త లెక్క వాడితే బేరింగులు అరుగుతాయి, కొత్తదానికి పాత లెక్క వాడితే ప్లగ్గులు మసిబారతాయి. కిరోసిన్‌తో నడిచే రకాన్ని పెట్రోలుతో అంటించి, వేడెక్కాక కిరోసిన్‌కు మారుస్తారు. ఆపేముందు మళ్లీ పెట్రోలుతో నడపకపోతే కార్బురేటర్‌లో కిరోసిన్ మిగిలి, మరుసటిసారి ప్లగ్గులు తడిసి అంటుకోవు.

సిలిండర్ ఒత్తిడి కూడా కొలవాలి. రెండు సిలిండర్ల మధ్య తేడా పదిహేను శాతం దాటితే రింగులనో, గాస్కెట్‌నో అనుమానించాలి. ఒత్తిడి లేని సిలిండర్‌ను ఎంత మంచి స్పార్కూ నడపలేదు.

మునిగిన మోటారు

వరదలో పడవ తిరగబడి మోటారు మునిగితే గంటల్లోనే పని మొదలుపెట్టాలి. లోపల నీరుండగా తాడు బలంగా లాగితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు ప్లగ్గులు తీసి, రంధ్రాలు కిందికి ఉండేలా వంచి, మెల్లగా తిప్పి నీరు కార్చాలి. వరదనీటిలో బురద ఉంటుంది కనుక మంచినీటితో కడగాలి. కార్బురేటర్ ఖాళీ చేయాలి. సిలిండర్లలో ఆయిల్ పోసి తిప్పాలి. ఫ్లైవీల్ తీసి కాయిల్, పాయింట్లు, కనెక్టర్లు వేడిగాలితో ఆరబెట్టాలి. వెంటనే అంటించి అరగంటైనా నడిపితే లోపలి చెమ్మ పోతుంది. లోపలికి బురద చేరిందని తెలిస్తే అంటించకుండా విప్పటమే దారి. తర్వాత చూద్దామని పక్కన పెడితే బేరింగులు తుప్పుపట్టి మోటారు పనికిరాకుండా పోతుంది.

భద్రత

ఇగ్నిషన్ వోల్టేజీ పదివేలల్లో ఉంటుంది. ప్లగ్గు తీగను తడిచేత్తో పట్టుకోకూడదు, సీడీఐ మోటారులో పొడిచేత్తో కూడా పట్టుకోకూడదు. స్పార్కు పరీక్ష వేళ పెట్రోలు డబ్బా దూరంగా ఉండాలి, మూసిన గదిలో ఈ పని చేయకూడదు. ఒడ్డున నడిపేటప్పుడు పంకా విప్పి, అడుగు భాగాన్ని నీటితో నిండిన డ్రమ్ములో ఉంచాలి. నీరు లేకుండా నడిపితే నీటి పంపులోని రబ్బరు రెక్కలు నిమిషం తిరగకుండానే కాలిపోవచ్చు. మరమ్మతు తర్వాత తొలిసారి నీటిలోకి వెళ్లేటప్పుడు ఒడ్డు వెంటే నడపాలి, పడవలో తెడ్లు, లంగరు, లైఫ్ జాకెట్లు ఉండాలి. ఆనకట్టల ఎగువన గేట్లు తెరిచి ఉన్న రోజుల్లో పరీక్షలు చేయటం ప్రాణాంతకం.

నిల్వ, నివారణ

పని ముగిసిన మోటారును డ్రమ్ములో నడుపుతూ పెట్రోలు గొట్టం తీసేసి, కార్బురేటర్ ఖాళీ అయ్యేదాకా ఉంచాలి. ప్లగ్గు రంధ్రాల్లో కొద్దిగా ఆయిల్ వేసి తాడు రెండు మూడుసార్లు లాగి ప్లగ్గులు బిగించాలి. తీగల కొనలకు చెమ్మను తోసే స్ప్రే కొట్టాలి. మోటారును నిలువుగా, నేలకు తగలకుండా, నీడలో ఉంచి పలుచని గుడ్డ కప్పాలి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ నిలుస్తుంది. గాలిరంధ్రాలకు సన్నని జాలి కడితే కందిరీగలు రావు.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వరద ముప్పు ఉండే ఈ ప్రాంతంలో మోటారును మే నెలలోనే బయటికి తీసి చూడటం మంచిది. కొత్త పెట్రోలు పోసి, టెస్టర్‌తో స్పార్కు చూసి, డ్రమ్ములో పావుగంట నడిపితే అప్పటిదాకా దాగిన లోపం బయటపడుతుంది. విడిభాగం తెప్పించుకోవటానికి అప్పుడు వ్యవధి మిగులుతుంది. పాయింట్ల సందు, కాయిళ్ల నిరోధం, సిలిండర్ ఒత్తిడి, మార్చిన భాగాల పేర్లు ఒక నోటుపుస్తకంలో తేదీతో రాసి ఉంచాలి. మోటారు బాగున్నప్పటి అంకెలు చేతిలో ఉంటే చెడినప్పుడు ఏది మారిందో పోల్చి తేల్చవచ్చు. తయారీదారు పుస్తకం దొరకని పాత మోడళ్లకు అదే ప్రమాణం అవుతుంది.